పాత ఆసనము – కొత్త తొడుగు

చినిగిన వస్త్రమును కుట్టించుకొనువానిని లోకము పొదుపరి యనును. శిథిలమైన దేవళమును బాగుచేయించువానిని పుణ్యాత్ముడనును. ఏబది, అరువది సంవత్సరముల నాటి మోటారుకారును కొని, దాని సీట్లకు మరల తొడుగు కుట్టించువానిని మాత్రము విలాసపురుషుడని తలంచి ఊరకుండును. ఈ పని విలాసమే కావచ్చును. ఐనను దానిని చేయించువాడును, చేయువాడును అడుగడుగున ఎదుర్కొను ప్రశ్నలు విలాసమునకు సంబంధించినవి కావు. ఏది ఉంచవలెను? ఏది తీసివేయవలెను? తీసివేసినదాని స్థానమున ఏది పెట్టవలెను? పెట్టినదానిని గూర్చి పరులకు ఏమి చెప్పవలెను? ఈ నాలుగును ధర్మవిచారమునకు చెందిన ప్రశ్నలే. మాంసాహారమును వర్జించి జీవకారుణ్యమును వ్రతముగా పాటించు కుటుంబములకు ఐదవ ప్రశ్నయు గలదు. మొదటి సీటు తోలుతో చేసినదైనచో, దానికి నమ్మకముగా నుండుటకై నేడు మరియొక జంతువు చర్మమును తెప్పింపవచ్చునా?

ఈ ప్రశ్నలను జఫర్‌గఢ్ ప్రాంతమున నిలిచి ఆలోచించుట సముచితము. జనగామ జిల్లాలోని ఈ మండల కేంద్రమున పాతకోట శిథిలములు నేటికిని గలవు. వేల్పుగొండ లక్ష్మీనరసింహస్వామి సన్నిధికి నేటికిని భక్తులు వచ్చుచున్నారు. ఒకే ఊర, ఒకటి వాడుకలేక శిథిలమైనది. మరియొకటి వాడుకలో నుండుటచేత నిలిచినది. పాల్కురికి సోమనాథుని జన్మస్థలముగా ప్రసిద్ధిగాంచిన పాలకుర్తియు ఈ జిల్లాలోనిదే. తోలుపని చేయు మాదార చెన్నయ్య ఇంట శివుడు అంబలి నారగించిన వృత్తాంతమును తెలుగు ద్విపదలో చెప్పిన మహాకవి ఆయన. ఈ నేలమీద విరివిగా పెరుగు తంగేడు నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పము. పూవును బతుకమ్మలో పేర్చుదురు. చెక్కను తోలు పదును చేయుటకు వాడెడివారు. పచ్చితోలును సున్నపు నీట నానవేసి, వెండ్రుకలు రాల్చి, లోపలి కండను గీకి, లందలో తంగేడుచెక్క రసమున, కరక్కాయ నీట దినములతరబడి ఊరవేసినగాని అది కుట్టుటకు యోగ్యమగు తోలు కాదు. ఆ లందల వాసనను అసహ్యించుకొన్న ఊరే, ఆ తోలుతో కుట్టిన మోటతొండము తోడిన నీటితో పంట పండించుకొన్నది.

ఇక సీటు సంగతి. పైకి కానవచ్చు తోలు సీటులో మిక్కిలి పలుచని భాగము. దాని క్రింద అయిదారు పొరలుండును. అన్నిటికంటె అడుగున కర్రచట్రమో, ఇనుపచట్రమో ఉండును. దానిమీద ఉక్కు స్ప్రింగులను త్రాళ్ళతోగాని తీగలతోగాని బంధింతురు. స్ప్రింగుల మీద గోనెగుడ్డ పరతురు. లేకున్నచో మెత్తటి పదార్థము స్ప్రింగుల సందులలోనికి దిగిపోవును. ఆ గుడ్డ మీద, పూర్వపు విలువైన కార్లలో, వంకులు తిప్పిన గుఱ్ఱపు వెండ్రుకలు నింపెడివారు. కొబ్బరిపీచును రబ్బరుపాలతో కలిపి అచ్చుపోసిన మెత్తను గూడ పెక్కు కార్లలో వాడిరి. తరువాతి కాలమున ఫోము వచ్చినది. దానిమీద పలుచని దూది పొర, ఆపైన తొడుగు. కూర్చొనువాని బరువును మోయునది స్ప్రింగు. దానిని సమముగా పంచునది మెత్త. మెప్పు పొందునది తొడుగు.

కాలక్రమమున ఈ పొరలన్నియు ఒక్కరీతిగా చెడవు. తోలులోని నూనె యెండిపోయి ముడుతల వెంబడి పగుళ్ళు పుట్టును. చెట్టుచెక్కల రసముతో పదునుచేసిన తోలు, గాలిలోని గంధకపు పొగలు సోకి, కొన్ని దశాబ్దములకు ఎఱ్ఱని పొడిగా రాలుటయు గలదు. దారము కుళ్ళును, తోలు బాగుగనే యున్నను కుట్టు విడిపోవును. స్ప్రింగు త్రుప్పుపట్టి విరుగును. ఫోము అణగి పిండియగును. కావున నేర్పరియగు పనివాడు వెంటనే కత్తెర పట్టడు. ముందు చేతితో నొక్కి చూచును. కొన్ని తావుల దారము మార్చిన చాలును. కొన్ని తావుల చినిగినచోట లోపలినుండి అతుకువేసిన చాలును. మార్చక తప్పనిదానిని మాత్రమే మార్చుట అతని మొదటి ధర్మము.

మార్చవలసివచ్చినప్పుడు అతడు పాత తొడుగును చింపడు. కుట్టు వెంబడి విప్పును. ప్రతి ముక్కకును గురుతుపెట్టి, ఏ అంచు ఏ అంచుతో కలిసినదో గీతలు గీసి, ఆ పాతముక్కలనే కొలతగా పరచి కొత్త ముక్కలు కోయును. జీర్ణమైన ఆ తొడుగే అతనికి గురువు. హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడి కల్యాణమండపము కుంగినప్పుడు శిల్పులు చేసిన పనియు ఇట్టిదే. రాళ్ళకు గురుతులుపెట్టి విప్పి, పునాదిని బలపరచి, పనికివచ్చు రాళ్ళను వెనుకటి చోటులందే నిలిపి, పనికిరాని వాని స్థానమున మాత్రము కొత్తరాళ్ళు చెక్కిరి. ఏండ్లతరబడి సాగిన ఆ పని ముగిసి 2024 మార్చిలో మహాశివరాత్రినాడు మండపము మరల తెరవబడినది. గుడి గొప్పది, సీటు చిన్నది. విప్పుటలోని వినయము మాత్రము రెండింటను ఒక్కటే.

పనివానికి శోధన ఎదురగునది తొడుగు వేయుటకు ముందు గడియలో. విరిగిన స్ప్రింగు నొకదానిని విడిచిపెట్టి పైన కొంచెము ఎక్కువ ఫోము పెట్టినచో, ఆ దినమున ఎవ్వరికిని తెలియదు. పాతగోనెను మార్చక మార్చితినని చెప్పినను తెలియదు. తొడుగు బిగించినంతనే లోపలి లోకము చీకటియగును. ఆరు నెలలకు సీటు ఒకవైపు కుంగినప్పుడు కారణము చెప్పుటకు రోడ్డు గుంతలు ఎట్లును ఉండనే యున్నవి. శరణులు కాయకమునకు సత్యము, శుద్ధి అను రెండు లక్షణములను చెప్పుటలోని సూక్ష్మము ఇచ్చట బోధపడును. పరుల కన్నున్నచోట మంచిపని చేయుటకు భయము చాలును. కన్ను లేనిచోట చేయుటకు శుద్ధి కావలెను. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరుట తన కాయకముగా చేసికొని, ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు, ఆయన భార్య లక్కమ్మ దానిని తిరిగి ఇచ్చి రమ్మని పంపిన కథ పాఠకలోకమునకు తెలిసినదే. ఆ ఎక్కువ గింజలను అడుగువాడెవడును లేడు. లక్కమ్మ ఒక్కతెయే అడిగినది. సీటు లోపల పెట్టని స్ప్రింగునకు పుచ్చుకొన్న రూపాయియు ఆ ఎక్కువ గింజల వంటిదే.

పనివాని ధర్మము ఇట్టిది. పని చేయించువాని ధర్మము వాహనమును బట్టి మారును. రెండు ఉదాహరణములు చాలును.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపువన్నె రోల్స్‌రాయిస్ కారొకటి గలదు. సిల్వర్ ఘోస్ట్ అను జాతికి చెందినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కోరి చేయించినది. దాని పైభాగమును లండనులోని బార్కరు సంస్థ నిర్మించినది. వెనుకటి ఆసనము సింహాసనమువలె ఎత్తుగా నుండుటచేత దానికి సింహాసనపు కారని పేరు వచ్చినది. కాని కోరినవాడు దానిలో కూర్చొనలేదు. 1911 ఆగస్టులో ఆయన కాలధర్మము నొందెను; కారు ఏడవ నిజాము కాలమున చేరినది. వేడుకలకు మాత్రమే వాడబడుచు, బహుకొద్ది దూరమే నడచి, పిదప చిరకాలము మూలబడి, ప్రాసాదముతోపాటు ఇటీవలి దశాబ్దములలో బాగుచేయబడి, నేడు ప్రజలకు దర్శనమిచ్చుచున్నది. ఐశ్వర్యము ఎంతటి ఆసనమునైనను సిద్ధముచేయగలదు. కూర్చొనుటకు ఆయువును సిద్ధముచేయలేదు. ఆ సీటును చూచువారు పుట్టి నడిచిన కారుకంటె, మనుష్యుని కోరికను, కాలమును ప్రక్కప్రక్కన చూతురు.

ఇట్టి కారును నేడు ఎవ్వరును ప్రయాణమునకు వాడరు. కావున దాని సీటు సుఖముగా నుండవలసిన పనిలేదు. సాక్ష్యము చెప్పవలసిన పని యున్నది. వెలిసినను, పగిలినను, ఆనాటి దారము, ఆనాటి కుట్టు, ఆనాటి మెత్త ఎంత మిగిలిన అంత విలువ. దానిని నిగనిగలాడు కొత్త తొడుగుతో కప్పుట శాసనమును చెరిపి అందమైన అక్షరములతో మరల చెక్కించుట వంటిది. అక్షరములు అందముగానే యుండును. శాసనము మాత్రము పోవును.

ఇప్పుడు రెండవది. హిందూస్థాన్ మోటార్సువారు బెంగాలులోని ఉత్తరపారాయందు 1957లో మొదలిడి 2014 వరకు తయారుచేసిన అంబాసిడరు కారు తెలుగువారి కెల్లరకు పరిచితమే. కలెక్టరు వచ్చినను, పెండ్లికొడుకు వచ్చినను, ఆసుపత్రికి రోగి పోయినను ఒకప్పుడు ఆ కారే. దాని వెనుక సీటు ఒకే పలకవలె పొడుగైనది. ముగ్గురికి చేసిన ఆ సీటున అయిదుగురు, ఒడిలో పిల్లలతో సర్దుకొనెడివారు. అట్టి కారు ఒక కుటుంబమున మూడవ తరమునకు సంక్రమించి నేటికిని ఊరిరోడ్లపై నడచుచున్నచో, దాని స్ప్రింగు విరిగినప్పుడు మార్చక పూజించుట తగదు. వృద్ధులు కూర్చొను సీటు నడుమును నొప్పింపరాదు. అచ్చట మార్పే ధర్మము.

ఒకే పని ఒకచోట దోషము, ఒకచోట గుణము ఎట్లయినది? స్థావరజంగమ భేదమును బసవేశ్వరుని బోధవలన ఎఱిగినవారికి ఈ చిక్కు సులభముగా విడును. ప్రదర్శనశాలలోని కారు స్థావరమైనది. దానియందు రక్షింపవలసినది పదార్థము. రోడ్డుమీది కారు జంగమము. దానియందు రక్షింపవలసినది నడక. మెడలోని శివదారము జీర్ణమైనప్పుడు కొత్తది కట్టుకొందురు. లింగకాయ అరిగినప్పుడు మరల చేయింతురు. ఇష్టలింగము మారినదని ఎవ్వరును అనరు. దారము దారముగా తన పనిచేసి తీరినది. అట్లే నడచు కారు సీటునకు తొడుగు మారినంతమాత్రమున ఆ కారు వేరుకాదు. తాత నడిపిన కారు మనుమడు నడుపుచున్నాడను మాట సత్యముగనే నిలుచును. ఐతే ఆ సత్యము నిలుచుటకు ఒక షరతు గలదు. దానిని చివర చెప్పవలసియున్నది. ముందు తోలు ప్రశ్న తీరవలెను.

పాత విదేశపు కారు కొన్నవానికి ఆ రంగమున ప్రవీణులు చెప్పు మాట యేమనగా, మొదట తోలున్నచోట మరల తోలే వేయవలెను. లేనిచో కారు విలువ తగ్గును. దయను ధర్మమునకు మూలముగా నెంచిన సంప్రదాయమున పెరిగినవాడు ఈ మాటకు లోబడవలెనా? ఇచ్చట తొందరపడి రెండు తప్పులు చేయుదురు. ఒకరు, తోలు అపవిత్రము గనుక తోలుపని చేయువాడును దూరముగా నుంచదగినవాడే యని తలంతురు. ఇది శరణమార్గమునకు పూర్తిగా విరుద్ధము. మాదార చెన్నయ్య అంబలిని శివుడు నారగించిన పిమ్మట ఆ తలపునకు చోటులేదు. మరియొకరు, హరళయ్య శరణుడు తోలుపని చేసెను గనుక ఏ తోలైనను మనకు దోషము లేదందురు. ఇదియు సరికాదు. హరళయ్య, కల్యాణమ్మ దంపతులు తమ తొడల చర్మముతోనే పాదరక్షలు కుట్టి బసవేశ్వరునకు సమర్పించిరనియు, ఆయన వానిని తొడుగుకొనక శిరసున దాల్చెననియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కథలో చర్మము ఇచ్చినవాడు తనదానిని తానిచ్చెను. సీటునకై చర్మము ఇచ్చు పశువును ఎవ్వరును అడుగరు.

పూర్వము పల్లెలలో తోలు ఎక్కువగా తనంత చచ్చిన గొడ్డునుండి వచ్చెడిది. చచ్చినదానిని వృథాపోనీయక పనికి తెచ్చుట ఒకటి. వధకు గురియైనదాని చర్మమును కొని వధకు వెలచేర్చుట మరియొకటి. నేటి బజారు తోలు ఏ పశువుది, ఎట్లు వచ్చినది యని కొనువానికి తెలియుట అరుదు. పోనీ, రెక్సిను నిర్దోషమా? గుడ్డపై రసాయనపు పూతపూసి తోలువలె కనబడునట్లు చేసిన ఈ వస్తువు ఇంగ్లండు సంస్థ యొకదాని వ్యాపారనామముతో వచ్చి మన భాషలో సామాన్యనామమైనది. నేడు ఆ పేరుతో అమ్మునది చాలవరకు ప్లాస్టిక్కు. అది పశువును చంపదు. తాను మాత్రము మట్టిలో కలియదు. తోలును పదునుచేయు రసాయనములు గూడ నీటిని చెరుపును. తమిళనాట పాలారు నదీతీరపు తోలు కార్ఖానాల కాలుష్యముపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చినది. నిష్కళంకమైన తొడుగు లోకమున లేదు.

కావున విచారింపవలసిన వరుస ఇది. మొదట, ఉన్న పాత తోలును నిలుపుటకు చేయగల ప్రయత్నమంతయు చేయవలెను. నూరేండ్ల క్రిందట ప్రాణము కోల్పోయిన పశువునకు నేడు చూపగల మర్యాద అదియొక్కటే. రెండవది, నిలువని భాగమునకు, నడచు కారులో, మందపు నూలుగుడ్డయో మరియొక గట్టి వస్త్రమో పరిశీలింపవలెను. మన యెండలకు అది కూర్చొనువారికి హితముగూడ. మూడవది, రెక్సిను వాడినచో పదేపదే మార్చనవసరము లేనట్టి గట్టిదానిని వాడవలెను. కొత్తతోలు కొనకుంటిననియు, కారు వెల తగ్గిననేమనియు అనగలవాని దయ మాటలయందుగాక వ్యయమునందు కనబడును. ఖర్చు లేని దయ చాల సులభము.

ఇంక కుట్టువాని మాట. నిజాముల కాలమున తెలంగాణలో వెట్టి సాగిన దినములలో తోలుపనివారు దొరలకు చెప్పులు, సేద్యమునకు వలయు తోలుసామగ్రి కూలి లేకయే ఇయ్యవలసియుండెను. ఆసనము ఒకరిది, ఆరె పట్టిన చేయి ఒకరిది. నేడు వెట్టి లేదు. ఐనను పాత కారునకై లక్షలు వెచ్చించినవాడు సీటు కుట్టినవాని కూలియొద్ద మాత్రము బేరమాడుట వింతగాదు. ఇంజను బాగుచేసినవాని పేరు పదిమందికి చెప్పుదురు. సీటు కుట్టినవాని పేరు అడిగినను జ్ఞప్తికి రాదు. నేర్పునకు తగిన వెల యిచ్చుట దానము కాదు, ఋణము తీర్చుట. గిరాకి లేక కుట్టుపని విడిచిపోవు చేతులకు ఇట్టి పాతకార్లు కొంత పని కల్పించుచున్నవి. ఈ విలాసమునకు లోకముముందు చెప్పుకొనదగిన సమాధానమేదైన నున్నచో అదియే.

ముందు చెప్పిన షరతు ఇప్పుడు చెప్పవలెను. మార్చినదానిని మార్చితినని చెప్పవలెను. పాతకార్ల బజారున సీట్లు మొదటివే అను మాటకు వెల గలదు. ఆ వెలకై కొత్త తోలుపై కావలయుననియే ముడుతలు పుట్టించి, రంగు వెలయించి, పాతదని అమ్ముటయు గలదు. ఇచ్చట నేరము కొత్త తోలుది కాదు, నాలుకది. పురాతన కట్టడములను గూర్చి 1964లో వెలువడిన వెనిస్ పత్రము, పోయిన భాగమునకు బదులు పెట్టునది మొత్తముతో ఇముడవలెనుగాని మొదటిదానినుండి వేరుగా గుర్తింపదగినదిగను ఉండవలెనని విధించినది. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్యయగు ఫీవా తన టురిన్ పత్రమున ఇదేవిధముగా, మార్చిన భాగములను గుర్తింప వీలుండవలెననియు, చేసిన పనిని వ్రాసిపెట్టవలెననియు చెప్పినది. పాశ్చాత్యులు పత్రములలో వ్రాసికొన్న ఈ నియమము మన పల్లె కుమ్మరికిని, కంసాలికిని తెలియనిది కాదు. అతుకువేసిన పాత్రను అతుకుపాత్రయనియే అమ్మువాడు మంచివాడు.

ఆచరణమున ఇది కష్టము కాదు. పాత తొడుగు ముక్క నొకదానిని, తీసిన దారమును, మెత్తను కొంచెముగా ఒక సంచిలో భద్రపరుపవచ్చును. ఏ సంవత్సరమున ఏది మార్చబడినది, ఏ వస్తువుతో, ఎవరిచేత అని ఒక గుడ్డపట్టీపై వ్రాసి సీటు లోపల కుట్టింపవచ్చును. ఏబది యేండ్ల తరువాత మరియొక పనివాడు ఆ కుట్టు విప్పినప్పుడు, చీకటిలో దాగియున్న ఆ పట్టీ అతనికి వెలుగు చూచి మాటాడును. తనకు ముందు ఇచ్చట పనిచేసినవాడు అబద్ధమాడలేదని అతడు తెలిసికొనును. తానును ఆడకుండుటకు బలము పొందును.

ఇండ్లను, మఠములను, ఆచారములను ఏలువారికిని ఈ చిన్న పనినుండి గ్రహింపదగినది గలదు. తరతరముల ఆసనము తమకు సంక్రమించినప్పుడు దాని తొడుగు మార్చుటకు వెఱవనక్కరలేదు. మార్చి, ఇది ఆదినుండి ఇట్లేయున్నదని చెప్పుటకు వెఱవవలెను. కుంగిన స్ప్రింగును బాగుచేయక పైతొడుగు మాత్రము మెఱపించుటకు అంతకంటె వెఱవవలెను. కూర్చొనువాడు మారును, తొడుగు మారును, కుట్టు మారును. లోపల చేసిన పని యథార్థమైనచో ఆ ఆసనము నిలుచును.